వెయ్యి గజాల్లో ఒక్క ఇల్లేనా?

మా నాన్నకి ఏ ఊరు వెళ్లినా స్థలం కొలిచే అలవాటు. టేపుతో కాదు, అడుగులతో. 2023 వేసవిలో తెనాలి నుంచి ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చినప్పుడు, జెట్‌ల్యాగ్ ఇంకా వదలకముందే తెల్లవారుజామున ఐదింటికి లేచి, స్వెట్టర్ వేసుకుని వాకింగ్‌కి బయల్దేరారు. మా వీధి చివర ఒక పాత ఇల్లుంది. 1960ల నాటిది, ఒంటి అంతస్తు, ముందు పచ్చిక, వెనక ఆకాశాన్ని తాకే ఫర్ చెట్టు. దాని ముందు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. పక్కనున్న నడక దారిలోంచి వెనక కంచె దాకా మళ్లీ నడిచారు. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అన్నారు: "తొమ్మిది వందల గజాలకి తక్కువుండదు, వెయ్యి ఉన్నా ఉండచ్చు. ఇందులో ఒక్క ఇల్లేనా?"

"ఒక్కటే నాన్నా. విడిగా రెండో ఇల్లు కట్టనివ్వరు."

"స్థలం వాళ్లది కాదా?"

"వాళ్లదే."

"మరి కట్టనివ్వంది ఎవరు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. సిటీ రూల్స్ అని ఏదో సర్దిచెప్పాను. ఆయన నమ్మలేదు. తెనాలిలో మా ఇల్లు రెండు వందల గజాల్లో ఉంటుంది. కింద మేం, పైన బ్యాంకు ఉద్యోగి కుటుంబం, ఆ పైన పెంట్‌హౌస్‌లో ఒక లెక్చరర్ గారు. మూడు కుటుంబాలు, ఒకటే బోరు. అది ఆయనకి ఇల్లు కట్టుకునే మామూలు పద్ధతి.

మేం ఉండేది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో. సియాటెల్‌కి తూర్పున, లేక్ వాషింగ్టన్ అవతలి ఒడ్డున బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్, రెడ్‌మండ్, సమామిష్ అని వరసగా శివారు నగరాలున్నాయి. 1986లో మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు రెడ్‌మండ్‌కి మార్చినప్పటి నుంచి ఈ ఒడ్డు తీరే మారిపోయింది. తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారంటే, ఇండియన్ కిరాణా షాపులో గోంగూర కట్ట కోసం చెయ్యి పెడితే పక్కన చెయ్యి పెట్టినావిడ "మీదే ఊరండీ?" అని అడుగుతుంది. ఉద్యోగాలు వచ్చినంత వేగంగా ఇళ్లు రాలేదు. ఇక ముందు కూడా రావడం కష్టమే: 2019 నుంచి 2044 లోపు బెల్‌వ్యూకి కౌంటీ స్థాయిలో పెట్టిన లక్ష్యం 35,000 కొత్త ఇళ్లు, 70,000 కొత్త ఉద్యోగాలు. ఇంటికి రెండు ఉద్యోగాలన్నమాట.

నాన్న వచ్చిన ఆ వేసవికి కొద్దిగా ముందే, 2023 మే 8న, అప్పటి మా రాష్ట్ర గవర్నర్ జే ఇన్‌స్లీ హౌస్ బిల్ 1110 మీద సంతకం పెట్టారు. దాని ప్రకారం జనాభా 75,000 దాటిన నగరాల్లో ఇళ్ల జోన్‌లో ఉన్న ప్రతి లాట్ (ఇంటి స్థలం) మీదా కనీసం నాలుగు ఇళ్లకి అనుమతి ఇవ్వాలి. లైట్ రైల్ లాంటి పెద్ద రవాణా స్టాప్‌కి పావు మైలు నడక దూరంలో ఉంటే ఆరు. మిగతా చోట్ల కూడా రెండిళ్లు తక్కువ ఆదాయం వాళ్లకి అందే ధరలో కడితే ఆరు. 25,000 నుంచి 75,000 మధ్య జనాభా ఉన్న నగరాలైతే రెండు, స్టాప్ దగ్గర నాలుగు. మా కింగ్ కౌంటీలో నగరాలకి 2025 జూన్ 30 దాకా గడువు ఇచ్చారు. అప్పటికి సొంత నిబంధనలు రాసుకోకపోతే రాష్ట్రం రాసిన నమూనా నిబంధనలు వాటంతట అవే అమల్లోకి వస్తాయన్నారు. ఇలాంటి బిల్లే 2022లో వీగిపోయింది. మరుసటి ఏడు డెమోక్రాట్ జెస్సికా బేట్‌మన్, రిపబ్లికన్ ఆండ్రూ బార్కిస్ కలిసి ముందుకు తోశారు. ఈ దేశంలో రెండు పార్టీలూ ఒక మాట మీదకి వచ్చే విషయాలు ఎంత తక్కువో తెలిసినవాళ్లకి ఇదే ఒక వింత.

ఈ వార్త విని మా వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల గోల మొదలైంది. "ఇక మన వీధులన్నీ అమీర్‌పేట అయిపోతాయి" అని ఒకరు. "ఇక ఇళ్ల రేట్లు పడతాయి, ఆగి కొందాం" అని ఇంకొకరు. రెండూ జరగలేదు. ఇప్పట్లో జరగవు కూడా. ఎందుకంటే ఇద్దరూ చూసింది 'నాలుగు' అనే అంకెని. ఆ అంకెకి చుట్టూ ఇంకో పది అంకెలున్నాయి. ఇల్లు లేస్తుందా లేదా తేల్చేవి అవే.

డూప్లెక్స్ అంటే మనకొకటి, వాళ్లకొకటి

ముందు మాటల దగ్గర జాగ్రత్త పడాలి. హైదరాబాద్‌లో డూప్లెక్స్ అంటే లోపల మెట్లున్న రెండంతస్తుల ఇల్లు, ఒక్క కుటుంబానిది, కాస్త గొప్ప. అమెరికాలో డూప్లెక్స్ అంటే రెండు కుటుంబాలకి రెండు వాటాలున్న భవనం. మూడైతే ట్రిప్లెక్స్, నాలుగైతే ఫోర్‌ప్లెక్స్. "బెల్‌వ్యూలో డూప్లెక్స్‌లు రానిస్తున్నారట" అని ఫోన్‌లో చెబితే తెనాలిలో మా పిన్ని "అబ్బో, మంచిదేగా" అంది. అదే మాట ఇక్కడి పక్కింటాయన చెబుతుంటే ఆయన మొహం ముడుచుకుపోయింది.

పెరట్లో కట్టే చిన్న ఇంటిని ఇక్కడ ఏడీయూ అంటారు. మన అవుట్‌హౌస్ అదే. కాకపోతే అమెరికన్ల ముందు అవుట్‌హౌస్ అనకండి, వాళ్ల భాషలో అది పెరటి మరుగుదొడ్డి. మా నాన్న ఒకాయనతో "మీ స్థలంలో ఒక మంచి అవుట్‌హౌస్ కట్టచ్చు" అన్నారు. ఆయన మర్యాదస్తుడు, నవ్వి ఊరుకున్నాడు.

ఈ డూప్లెక్స్ నుంచి ఆరు ఇళ్ల దాకా, టౌన్‌హోమ్‌లు, నడిమధ్య వాకిలి పెట్టి చుట్టూ కట్టే చిన్న కాటేజీలు, అన్నిటినీ కలిపి వాషింగ్టన్ చట్టం 'మిడిల్ హౌసింగ్' అంటుంది. విడి ఇంటికీ వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కీ మధ్యలో ఉండాల్సినవి, లేకుండా పోయినవి. డేనియల్ పరోలెక్ అనే ఆర్కిటెక్ట్ 2010లో వీటికి 'మిస్సింగ్ మిడిల్' అని పేరు పెట్టాడు. తెలుగు పట్టణాల్లో ఇది మిస్సయిందే లేదు గనక మనకి దానికి ప్రత్యేకమైన పేరూ లేదు. వాటాలు, పోర్షన్లు, 'పైన అద్దెకిచ్చాం' అంటాం, అంతే.

కట్టనివ్వంది ఎవరు?

1916లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ, కొన్ని వీధుల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు తప్ప ఇంకేదీ ఉండకూడదని రాసుకుంది. మరుసటి ఏడు, జాతిని బట్టి వీధులు విడగొట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి రంగు రాయకూడదంటే ఇంటి ఆకారం రాశారు. వెయ్యి గజాలు కొనగలిగిన వాళ్లే వీధిలోకి వస్తారు కదా. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే శివారు ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్‌ని, అంటే ఎక్కడ ఏం కట్టచ్చో ఊరు నిర్ణయించే పద్ధతిని, సమర్థించింది. ఆ తీర్పులో అపార్ట్‌మెంట్ భవనాన్ని ఉత్త పరాన్నజీవి అన్నారు, చుట్టూ ఉన్న ఇళ్ల గాలినీ వెలుతురునీ పీల్చి బతికేది అన్న అర్థంలో. ఒక జడ్జి గారు వంద కుటుంబాలు కాపురముండే చోటుని పట్టుకుని జలగ అన్నట్టు మాట్లాడారు, దేశమంతా దాన్ని చట్టం చేసుకుంది.

ఇందులో మనకీ ఒక పాత లెక్కుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అదే సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే వాషింగ్టన్ రాష్ట్రంలో, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని చట్టం ఉంది. ఆ రెండూ కలిస్తే, అప్పుడు ఇక్కడికి వచ్చి పడిన పంజాబీ కూలీకి గజం స్థలం కూడా రాదు. ఇదే బెల్‌వ్యూలో స్ట్రాబెర్రీ తోటలు పెంచిన జపనీస్ కుటుంబాలనీ ఆ చట్టమే పీడించింది. 1942లో వాళ్లని మొత్తంగా నిర్బంధ శిబిరాలకి తోలేశారు. తోటలున్న ఊళ్లో తర్వాత వీధులు పడ్డాయి, పెద్ద పెద్ద లాట్లు పడ్డాయి, 1953లో బెల్‌వ్యూ నగరమైంది. జాతి చట్టాలు పోయాయి, లాట్ సైజులు మిగిలాయి. కాబట్టి "కట్టనివ్వంది ఎవరు" అంటే ఇప్పుడెవరూ లేరు. ఎప్పుడో ఒకరు రాశారు, తర్వాతి వాళ్లు కాపాడారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు అది ప్రకృతి నియమం అనుకున్నారు.

నాలుగు చుట్టూ ఉన్న అంకెలు

ఇప్పుడు ఆ వీధి చివరి స్థలాన్నే తీసుకుందాం. తొమ్మిది వందల గజాలనుకోండి, అంటే 8,100 చదరపు అడుగులు. చట్టం నాలుగు ఇళ్లు కట్టుకోమంది. మరి స్థలంలో మొత్తం ఎంత ఏరియా కట్టచ్చు? దీన్ని ఎఫ్‌ఏఆర్ అంటారు, మన దగ్గర ప్లాన్ అప్రూవల్‌కి తిరిగినవాళ్లకి ఎఫ్‌ఎస్‌ఐగా తెలిసిందే. అది 0.5 అయితే, అంటే స్థలంలో సగం అయితే, 4,050 చదరపు అడుగులు కట్టుకోవచ్చు.

బిల్డర్ కాగితం, పెన్ను తీస్తాడు. 4,050 అడుగుల్లో ఒకే పెద్ద ఇల్లు కడితే ఒక వంటిల్లు, ఒక మురుగు కనెక్షన్, ఒక కరెంట్ మీటర్. నాలుగు చిన్నవి కడితే తలా వెయ్యి అడుగులు, నాలుగు వంటిళ్లు, నాలుగు కనెక్షన్లు, మధ్యలో మంటలు ఆపే గోడలు, ఏడాది అదనపు తలనొప్పి. స్థలం ధర మాత్రం ఒకటే. అతను పెద్ద ఇల్లే కడతాడు. నాలుగుకి అనుమతి కాగితం మీద ఉంటుంది, స్థలంలో ఆరు బాత్‌రూమ్‌ల భవంతి ఉంటుంది.

ఇది ఊహ కాదు. 2018 చివర్లో మినియాపొలిస్ ప్రతి లాట్ మీదా మూడు ఇళ్లకి ఒప్పుకుని దేశమంతా పేరు తెచ్చుకుంది. కానీ ఒక ఇల్లయినా మూడయినా కట్టుబడి పరిమితి దాదాపు ఒకటే ఉంచింది. ట్రిప్లెక్స్‌లు కొద్దిగానే వచ్చాయి. అక్కడ ఇళ్లు పెరిగింది బస్సు రూట్ల వెంట కట్టిన అపార్ట్‌మెంట్ల వల్ల. మాకు కింద ఉన్న పోర్ట్‌లాండ్ వేరే దారి పట్టింది. 2020లో ఆమోదించి మరుసటి ఏడు ఆగస్టు నుంచి అమలు చేసిన నిబంధనల్లో, ఇళ్లు పెరిగేకొద్దీ కట్టుకునే ఏరియా పెంచింది, ఒక్క ఇల్లే కడితే తగ్గించింది. భవంతి కట్టేవాడికి కళ్లెం, నాలుగు కట్టేవాడికి పగ్గం వదలడం. అక్కడ చిన్న ఇళ్ల పర్మిట్లు లేచాయి. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే తెలివైన పని అదే. మా రాష్ట్రం చట్టం విడి ఇంటికంటే కఠినమైన కొలతలు పెట్టొద్దని మాత్రం చెప్పింది. విడి ఇంటికి పెట్టిన బిగుతు కొలతనే నాలుగింటికీ పెట్టే వీలు నగరాలకి అలాగే ఉంది. ఒక నగరానికి నాలుగు ఇళ్లు ఇష్టమా కాదా తెలుసుకోవాలంటే కౌన్సిల్ తీర్మానంలో 'నాలుగు' అన్న మాట వెతకొద్దు. ఏరియా పట్టిక తీసి, నాలుగో వరసలో అంకె మొదటి వరసకంటే ఎంత పెద్దదో చూడండి.

తర్వాతది పార్కింగ్. ఒక కారు నిలబడాలంటే, తిరగడానికి చోటుతో కలిపి మూడు వందల అడుగులన్నా కావాలి. ఇంటికి రెండు కార్లంటే ఎనిమిది కార్లకి 2,400 అడుగులు. 8,100 అడుగుల స్థలంలో పావు వంతుకి మించి తారుకే పోయింది. ఇక చెట్టెక్కడ, పిల్లలు ఆడేదెక్కడ? రవాణా స్టాప్‌కి అరమైలు లోపు పార్కింగ్ అడగొద్దని, 6,000 అడుగుల లోపు లాట్లలో ఇంటికి ఒకటికి మించి అడగొద్దని 1110 చెప్పింది. 2025లో వచ్చిన ఇంకో చట్టం ఇంకా తగ్గించి, 1,200 అడుగుల లోపు ఇంటికి పార్కింగ్ తప్పనిసరి చేయొద్దంది. పార్కింగ్ వద్దనడం కాదిది. ఎంత కావాలో కట్టేవాడినీ కొనేవాడినీ తేల్చుకోమనడం.

ఇక బిల్డింగ్ కోడ్. ఇది ఎవరూ మాట్లాడని విషయం, నాకు అన్నిటికంటే చిత్రంగా తోచింది కూడా ఇదే. రెండు ఇళ్ల దాకా, లేదా పక్కపక్కన గోడ పంచుకున్న టౌన్‌హోమ్‌లైతే మామూలు ఇళ్ల కోడ్ సరిపోతుంది. ఒకదాని మీద ఒకటి మూడు వాటాలు పేరిస్తే మాత్రం పెద్ద భవనాల కోడ్ కిందకి వెళ్తుంది. స్ప్రింక్లర్లు, ఇంజనీర్ల సంతకాలు, ఖర్చు అన్నీ ఎక్కువ. అంటే మా తెనాలి ఇల్లు, కింద మేం, పైన ఒకరు, ఆ పైన ఇంకొకరు, అతి తక్కువ స్థలంలో ముగ్గురు బతికే ఆ ఆకారమే ఇక్కడ కట్టడం అన్నిటికంటే కష్టం. అందుకే ఎక్కడ చూసినా సన్నగా, నిలువుగా, ఒక్కో ఇంట్లో మూడేసి అంతస్తుల మెట్లెక్కే టౌన్‌హోమ్‌లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వచ్చి ఉండాల్సిన ఇంట్లో హాలు రెండో అంతస్తులో. దీన్ని సడలించే మార్గం చూడమని 2024లో శాసనసభ కోడ్ కౌన్సిల్‌కి పని అప్పగించింది.

మురుగు సంగతి చెప్పకపోతే లెక్క పూర్తవదు. కింగ్ కౌంటీ కొత్త కనెక్షన్ మీద కెపాసిటీ చార్జ్ అని పదిహేనేళ్ల పాటు వసూలు చేస్తుంది. దానికి నగరం ఫీజులు, నీటి మీటరు, రోడ్డు తవ్వి మళ్లీ వేసే ఖర్చు అదనం. వాగు ఒడ్డో, నిటారు గుట్టో, చిత్తడి నేలో ఉన్న లాట్లలో ఆ భాగానికీ, దాని చుట్టూ వదలాల్సిన జాగాకీ అసలు ఈ చట్టమే వర్తించదు. కొండలూ వాగులూ ఎక్కువున్న ఈ ప్రాంతంలో అది చిన్న మినహాయింపు కాదు. దీనికి తోడు, చట్టానికి ముందే రాసుకున్న కమ్యూనిటీ ఒప్పందంలో ఒక్క ఇల్లే అని ఉంటే అది అలాగే చెల్లుతుంది. ఇకపై రాసే వాటిలోనే ఆ షరతు పెట్టకూడదు. సమామిష్‌లో హోమ్‌ఓనర్స్ అసోసియేషన్ ఉన్న కాలనీలు ఎన్నున్నాయో అక్కడ ఉండే మిత్రులకి నేను చెప్పక్కర్లేదు. అక్కడ మెయిల్‌బాక్స్‌కి ఏ రంగు వేయాలో కూడా కమిటీ చెబుతుంది, నాలుగు ఇళ్లు ఎవరు కట్టనిస్తారు?

యూడీఎస్ ఇక్కడా ఉంది

కట్టాక అమ్మడం ఎలా? హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లకి యూడీఎస్ (విడగొట్టని స్థలంలో వాటా) అంటే వేరే చెప్పాలా? స్థలం అందరిదీ, మీ వాటా కాగితం మీద ఇన్ని గజాలు. ఇక్కడ కాండో అంటే అదే. పెరటి ఏడీయూని కూడా కాండోగా విడిగా అమ్ముకోవచ్చని 2023లోనే వచ్చిన హౌస్ బిల్ 1337 తేల్చింది. లాట్‌కి రెండు ఏడీయూలు, ఒక్కోటి కనీసం వెయ్యి అడుగుల దాకా కట్టనివ్వాలి, యజమాని అక్కడే కాపురముండాలన్న షరతు పెట్టకూడదు. అయితే కాండో అంటే ఇక్కడి బిల్డర్లకి భయం. నాణ్యత బాగాలేదని కొన్నవాళ్లు కోర్టుకెళ్లే దారి ఈ రాష్ట్రంలో చాలాకాలం విశాలంగా ఉండేది, దాంతో ఇన్సూరెన్స్ ఖర్చు చుక్కలంటింది. అందుకే అదే ఏడు ఇంకో చట్టం, ఒక లాట్‌ని ఇళ్ల లెక్కన చిన్న ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్ల పేరున రిజిస్టర్ చేసే పద్ధతిని నగరాలు పెట్టాలంది. అప్పుడు యూడీఎస్ గొడవ లేదు. రెండు వందల గజాల ముక్క, దాని మీద ఇల్లు, పక్కింటితో పంచుకునేది దారి ఒక్కటే. మన ఇండిపెండెంట్ హౌస్ బుద్ధికి ఇది బాగా నచ్చుతుంది.

చిన్న ముక్కలకి ఎంత బలముందో హ్యూస్టన్ చూపించింది. 1998లో ఆ నగరం లోపలి రింగు రోడ్డు మధ్య భాగంలో, ఇంటికి 5,000 అడుగుల స్థలం ఉండాలన్న నియమాన్ని 1,400కి దించే వీలు ఇచ్చింది. 1,400 అడుగులంటే 155 గజాలు. మనకి వింతేం కాదు, మామూలు ప్లాట్. అక్కడ మాత్రం దాంతో పాత ఇళ్ల స్థానంలో వేలకొద్దీ టౌన్‌హోమ్‌లు లేచాయి. ఎవరూ ఉద్యమం చేయలేదు, ఎవరూ నాలుగు, ఆరు అని లెక్కపెట్టలేదు. ఒక్క అంకె మారింది.

చవకా? కాదు. అయినా...

ఆ మధ్య ఒక ఆదివారం నేనూ మా ఆవిడా కిర్క్‌లాండ్‌లో ఒక ఓపెన్ హౌస్‌కి, అంటే అమ్మకానికున్న ఇల్లు చూడటానికి, వెళ్లాం. కిర్క్‌లాండ్ రాష్ట్రం కంటే ముందే, 2020లోనే, విడి ఇళ్ల వీధుల్లో రెండు మూడు ఇళ్లకి తలుపు తెరిచింది. వీధి వైపు పెద్ద ఇల్లు, దానికి అతుక్కుని ఒక వాటా, వెనక విడిగా ఒక చిన్న ఇల్లు. మేం చూసింది వెనకది. వెయ్యి అడుగులు ఉంటుందేమో. రెండు బెడ్‌రూమ్‌లు, పైన ఒక మూల, కిటికీ తెరిస్తే పక్కింటి కంచె. మా ఆవిడ వంటింట్లో నిలబడి రెండు చేతులూ చాచింది, రెండు గోడలూ దాదాపు అందాయి. "పోపు పెడితే బెడ్‌రూమ్‌లో తుమ్ములే" అంది. కానీ తలుపు బయట నాలుగడుగుల వాకిలి ఉంది, తులసి కుండీ పెట్టుకునేంత. ధర చూసి ఇద్దరం ఏమీ మాట్లాడకుండా కారెక్కాం.

అయితే ఇంటికొచ్చి లెక్క వేస్తే కథ కొంచెం మారింది. ఈ ఒడ్డున మామూలు విడి ఇల్లు 15 లక్షల డాలర్లు దాటి చాలా కాలమైంది. 16 లక్షల ఇల్లనుకోండి. 20 శాతం కట్టి మిగతాది ఆరున్నర శాతం వడ్డీకి ముప్ఫయ్యేళ్ల లోన్ తీసుకుంటే నెలకి 8,100 డాలర్ల దాకా ఈఎంఐ. 10 లక్షల చిన్న ఇల్లయితే అదే లెక్కన 5,050. చేతిలో ఉండాల్సింది 3.2 లక్షలు కాదు, 2 లక్షలు. చవకని ఎవరూ అనరు. టీచరు, నర్సు, బస్ డ్రైవర్ దీన్ని కొనలేరు. వాళ్ల కోసం ప్రభుత్వ డబ్బుతో కట్టే ఇళ్లు వేరే కావాలి, ఈ చట్టం వాటికి బదులు కాదు. ఇది చేసేదల్లా అపార్ట్‌మెంట్ అద్దెకీ భవంతికీ మధ్య ఒక మెట్టు వేయడం. గ్రీన్ కార్డు వస్తుందో రాదో తెలియక పన్నెండేళ్లుగా అద్దెకుంటున్న జంటకి ఆ మెట్టు తేడా చిన్నది కాదు.

ఇంకో దారి ఉంది, మనవాళ్లకి రక్తంలో ఉన్నదే: కింద మనం, పైన అద్దె. అమెరికాలో నాలుగు ఇళ్ల దాకా భవనానికి మామూలు హోమ్ లోనే వస్తుంది, ఐదోది చేరితే కమర్షియల్ లోన్. యజమాని అందులోనే ఉంటే రెండు నుంచి నాలుగు ఇళ్ల భవనానికి 5 శాతం కడితే చాలని, బ్యాంకుల దగ్గర హోమ్ లోన్లు కొనే ఫ్యానీ మే అనే సంస్థ 2023 నవంబర్ నుంచి మార్చింది. వచ్చే అద్దెని కూడా ఆదాయంలో కలిపి చూస్తారు. చిక్కల్లా, మా వైపు బిల్డర్లు నాలుగూ విడివిడిగా అమ్ముకుంటున్నారు. మొత్తం ఫోర్‌ప్లెక్స్ అమ్మకానికి రావడమే అరుదు.

వ్యతిరేకించేవాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. వీధి ఇరుకవుతుందని, పెద్ద చెట్లు పోతాయని, కట్టే రెండేళ్లూ దుమ్మని వాళ్లు చెప్పేవి నిజమైన ఇబ్బందులే. కానీ చట్టం లేకపోతే పాత ఇల్లు అలాగే ఉంటుందన్నది భ్రమ. ఈ ఒడ్డున 1960ల చిన్న ఇళ్లు ఎప్పటినుంచో కూలుతున్నాయి, వాటి చోట ఆ స్థలంలో పట్టినంత భవంతులు లేస్తున్నాయి. అదే దుమ్ము, అదే చెట్టు, ఒక్క కుటుంబం. "స్కూళ్లు నిండిపోతాయి" అనేది ఇంకో మాట. బెల్‌వ్యూ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పిల్లలు తగ్గిపోతుంటే 2023లో విల్‌బర్టన్, ఈస్ట్‌గేట్ ఎలిమెంటరీ స్కూళ్లని వేరేవాటిలో కలిపేశారు. పుట్టుకలు తగ్గడం ఒక కారణం, చిన్న పిల్లలున్న జంటలు ఇక్కడ ఇల్లు కొనలేకపోవడం ఇంకో కారణం.

నాకు బాధ కలిగించేది వేరే. కౌన్సిల్ మీటింగ్‌లో మూడు నిమిషాలు మాట్లాడటానికి లేచేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు, చట్టం వద్దనే వైపు. ఊళ్లో పై వాటా అద్దె డబ్బుతో ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్లు. ఒకాయనతో బయట మాట్లాడాను. "అక్కడ వేరండీ. ఇక్కడ ఈ వీధి కోసమే ఇంత పోసి కొన్నాం" అన్నారు. ఆయన తప్పు కాదు. అంత పోసి కొన్నవాడికి వీధి మారుతుందంటే టెన్షన్ సహజం. ఆ 'ఇంత' అంతెందుకైందో మాత్రం మేమిద్దరం మాట్లాడుకోలేదు.

పోయిన నెల వీధి చివరి ఆ పాత ఇంటి ముందు దరఖాస్తు బోర్డు వెలిసింది. లాట్ విడగొట్టి ఇళ్లు కట్టడానికట. ఫొటో తీసి నాన్నకి పంపాను. పది నిమిషాల్లో ఫోన్.

"ఎన్నిరా?"

"మూడు."

"నాలుగు కట్టచ్చని చట్టం వచ్చిందన్నావుగా?"

"వెనక ఆ పెద్ద చెట్టుంది కదా నాన్నా. దాని వేర్ల చుట్టూ తవ్వకూడదట. నాలుగోది పట్టలేదు."

కాసేపు ఏమీ అనలేదు. అవతల మా ఇంటి బోరు మోటర్ చప్పుడు వినిపిస్తోంది.

"అయితే చెట్టు ఉంచుతున్నారన్నమాట," అన్నారు. "ఒకటి ఎంతకి అమ్ముతారో కనుక్కో."